నియమములకు తెరచిన ద్వారము

ఆటగాళ్లే పాత్రలై పాచికల సాక్షిగా కథ నల్లుకొను ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారలు వెలువరింపగా, దానికి యజమానియై, మేఫెయిర్ గేమ్స్ వంటి అన్య ప్రచురణకర్తలను న్యాయస్థానమున కీడ్చిన టీఎస్ఆర్ సంస్థ, 1997లో తానే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థకు అమ్ముడుపోయెను.

అంతట 2000లో, ఆ సంస్థకు చెందిన రయాన్ డాన్సీ ప్రోద్బలమున, రెండు అనుజ్ఞాపత్రములు వెలువడెను. ఓపెన్ గేమ్ లైసెన్స్ అనునది క్రీడానియమముల మూలభాగమును ఎవ్వరైనను రుసుము లేకయే గ్రహించి, మార్చి, విక్రయించుకొనుటకు అనుమతించెను. రెండవది మిక్కిలి చతురమైనది: తమ గ్రంథము ఈ క్రీడకు అనుకూలమని తెలుపు డి20 చిహ్నమును అట్టపై ముద్రింప గోరువారు, పాత్రలను సృష్టించు విధానమును మాత్రము తమ పుస్తకమున వివరింపరాదు, కావున ఆటగాడు సంస్థవారి మూలగ్రంథమును కొనక తప్పదు. ఔదార్యమును వాణిజ్యమును ఇంత నేర్పుతో ముడివేసిన ఒడంబడికలు అరుదని నా అభిప్రాయము.

2008లో చిహ్నపు అనుజ్ఞ రద్దయ్యెను. తొలి పత్రము మాత్రము నిలిచియుండుటచే, దాని నీడలోనే పైజో సంస్థ 2009లో తన క్రీడయైన ‘పాత్‌ఫైండర్’ను ప్రచురింపగలిగెను. 2023 జనవరిలో ఆ పత్రమునే ఉపసంహరింప నెంచిన యజమానులు, క్రీడాభిమానుల ఆగ్రహమునకు తలవంచి, అదే నెల 27న నియమపాఠమును క్రియేటివ్ కామన్స్ అనుజ్ఞ క్రింద లోకమునకు విడిచిపెట్టిరి. అట్లు విడిచినదానిని మరల గైకొనుటకు వీలులేదు.