కంటికందని వెలుగులో చెట్లు



ఆకు పచ్చగా నుండునని మనమందఱము ఎఱుగుదుము. ఆ పచ్చని చెట్టే మంచు కప్పినట్లు తెల్లగాను, దాని వెనుకనున్న నీలాకాశము కాటుకవలె నల్లగాను కనబడు ఛాయాచిత్రములు కొన్ని గలవు. వాని చరిత్రయు, వానిని తీయువారు చిత్రమునకు హద్దులు నిర్ణయించుకొను విధమును నేటి ప్రసంగవిషయము.

1800 సంవత్సరమున ఇంగ్లండులో విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకముగుండ పంపి, విడివడిన రంగులలో ఉష్ణమాపకములు ఉంచి పరీక్షించుచుండెను. ఎఱుపు ముగిసినచోటికి ఆవల, కంటికేమియు కానరాని తావున ఉంచిన ఉష్ణమాపకము తక్కినవానికంటె ఎక్కువ వేడిని చూపెను. పరారుణ కిరణములు ఇట్లు బయటపడినవి. ఈ వెలుగుతో చెట్ల చిత్రములను తీసి లోకమునకు చూపినవాడు, అమెరికాలో బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రాబర్టు విలియమ్సు వుడ్. ఆ యేడు 1910. ముదురు నీలి కోబాల్టు గాజును, పొటాసియం బైక్రోమేటు ద్రావణమును జతపఱచి, ఎఱుపుకొసకు చెందిన కిరణములు తప్ప తక్కిన వెలుగును ఆయన కెమెరాలోనికి పోనీయలేదు. ఆకు తెల్లబడుటకు నేటికిని వుడ్ ప్రభావమనియే పేరు. ఇంగ్లీషున వుడ్ అనగా కఱ్ఱ గనుక, ఆ పేరు చెట్లనుబట్టి వచ్చినదని భ్రమపడువారు లేకపోలేదు!

కారణము వినుడు. ఆకులోని పచ్చని పదార్థము ఎఱుపును నీలమును మ్రింగును గాని పరారుణమును ముట్టదు. ఆ వెలుగు ఆకులోపలి కణముల నడుమనున్న గాలిసందులలో చెదరి, సుమారు సగము వెనుకకు మరలును. ఆకాశపు నీలిమలోనో పరారుణము మిక్కిలి స్వల్పము. కావుననే ఆకాశము నల్లనగును.

ఇక చిత్రకారుని చిక్కు ఇక్కడనున్నది. మామూలు చిత్రములో చెట్టు నల్లగా, ఆకాశము తెల్లగా నుండును. ఇక్కడ బరువంతయు తలక్రిందులు. పైగా ఆ వడపోతగాజును తగిలించిన పిదప కెమెరాలో కంటికేమియు కనబడదు. కావున పూర్వులు కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి, గాజు లేకుండ ముందుగా చెట్టును సరిచూచుకొని, ఆ తరువాత గాజును తగిలించెడివారు. పరారుణము కటకమునుండి కొంచెము దూరముగా కేంద్రీకరించును; ఆ భేదమును దిద్దుకొనుటకై అనేక కటకములపై ఎఱ్ఱని చుక్కయొకటి గుర్తుగా నుండెడిది. నిమిషములకొలది వెలుగు పడనీయవలసినప్పుడు గాలికి కదలిన కొమ్మ పొగవలె చెదరిపోయెడిది.

అన్నిటికంటె కష్టమైనది గడ్డి. అదియు తెల్లనగును గనుక, తెల్లని కొమ్మలకును తెల్లని నేలకును నడుమ మ్రాను ఒంటరి కఱ్ఱవలె మిగిలి, చెట్టు నేలలో నాటుకొన్నట్లే తోచదు. అందుచేత అనుభవజ్ఞులు క్రిందినుండి చూచి, కొమ్మల వెనుక ఆకాశమే వచ్చునట్లు నిలుచుందురు. లేదా అచ్చు వేయునపుడు గడ్డిని కొంత కత్తిరింతురు. పైనున్న నలుపును కూడ కోసివేయుటకు చేయి తహతహలాడును. కాని ఆ నలుపే తెలుపునకు ప్రాణము. అది తగ్గినకొలది చెట్టు సున్నము కొట్టిన గోడవలె వెలవెలపోవును. నా యెఱిగినంతలో ఇట్టి చిత్రములు చెడుట తీయుటయందుకంటె కత్తిరించుటయందే అధికము.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈ విద్య వేఱొక పనికి వచ్చినది. పచ్చరంగు పూసి దాచిన శత్రుసామగ్రిని నిజమైన ఆకులనుండి వేఱుపఱచుటకు రంగుల పరారుణ ఫిలిము పుట్టినది. అందు బ్రతికిన ఆకు ఎఱ్ఱగా కనబడును. శాంతికాలమున దానినే పైరుల పరీక్షకు త్రిప్పిరి. మన దేశమున 1970లో ఆచార్య పి.ఆర్. పిషరోటిగారి ఆధ్వర్యమున కేరళ కొబ్బరితోటలపై హెలికాప్టరునుండి ఇట్టి చిత్రములు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తింపజూచిరి. 1974-75లో మన అనంతపురము జిల్లాలో పైరుల లెక్కకై విమానమునుండి ఇట్లే తీసిరి.

ఈ చిత్రములకు అందముతో పనిలేదు. తెగులు తగిలిన చెట్టు నడుమనే యుండవలెనను నియమము లేదు గదా! అది ఏ మూలనో, సగము కొమ్మలతో, అంచున నుండవచ్చును. ఆ అంచును కోసినవాడు ఒక రైతు తోటనే లెక్కలోనుండి కోసినవాడగును. కావున అట్టి చిత్రములను ఒకదాని అంచు మఱియొకదానిపైకి వచ్చునట్లు వరుసగా తీసి, కత్తెర తగులనీయక పరిశీలింతురు.