ఒక మాత్ర, రెండు ఎంజైములు: ఆస్పిరిన్ చరిత్ర

మన వయసు వారున్న ఇంట్లో మాత్రల డబ్బా లేకుండా ఉండదు. అందులో మోకాళ్ల నొప్పులకు ఒక మాత్ర, గుండెకు మంచిదని ఒక చిన్న ఆస్పిరిన్ మాత్ర తరచుగా కనబడతాయి. ఈ రెండూ సాధారణంగా ఒకే కుటుంబానికి చెందిన ఎంజైముల మీద పనిచేస్తాయని చాలామందికి తెలియదు. ఆ ఎంజైముల పేరు సైక్లోఆక్సిజినేజ్. వైద్యులు క్లుప్తంగా కాక్స్ అంటారు. నేను వైద్యుణ్ణి కాను. ఫైలును మొదటి కాగితం నుంచి చదివి నోటు రాయడం అలవాటైన గుమాస్తాను. ఆ అలవాటుతోనే ఈ చరిత్రను సభ్యుల ముందు ఉంచుతున్నాను.

ఈ ఫైలులో ముఖ్యమైన కాగితం 1763 నాటిది. ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే చర్చి గురువు విల్లో చెట్టు బెరడును ఎండబెట్టి, పొడిచేసి, సుమారు 50 మంది చలిజ్వర రోగులకు ఇచ్చి, గుణం కనబడిందని లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1828లో మ్యూనిక్ నగరంలో బుఖ్నర్ ఆ బెరడు నుంచి సాలిసిన్ అనే చేదు పదార్థాన్ని వేరుచేశాడు. దాని నుంచి వచ్చిన సాలిసిలిక్ ఆమ్లం నొప్పులు తగ్గించేది గాని కడుపులో మంట, వికారం కలిగించేది.

1897లో జర్మనీలోని బేయర్ కంపెనీ ప్రయోగశాలలో ఫెలిక్స్ హాఫ్‌మన్ ఆ ఆమ్లాన్ని కొంత మార్చి ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని శుద్ధమైన రూపంలో తయారుచేశాడు. 1899లో దానికి ఆస్పిరిన్ అని పేరు పెట్టారు. ఆ పని తన ఆధ్వర్యంలోనే జరిగిందని అక్కడే పనిచేసిన ఐకెన్‌గ్రూన్ 1949లో రాశాడు. నోటు రాసింది ఎవరు, సంతకం పెట్టింది ఎవరు అన్న తగాదా మన ఆఫీసులకే పరిమితం కాదన్నమాట!

విచిత్రమేమిటంటే, డెబ్బై ఏళ్లకు పైగా లోకమంతా ఈ మాత్ర మింగింది గాని అది లోపల ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. 1971లో లండన్‌లో జాన్ వేన్ ఆ గుట్టు విప్పాడు. మన శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. వాటిని తయారుచేసేది కాక్స్ ఎంజైము. ఆస్పిరిన్ ఆ తయారీని ఆపేస్తుంది. ఈ పరిశోధనలకు వేన్‌కూ, స్వీడన్ శాస్త్రవేత్తలు బెర్గ్‌స్ట్రోమ్, శామ్యుల్సన్‌లకూ కలిపి 1982లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ప్రోస్టాగ్లాండిన్లు దెబ్బ తగిలిన చోట వాపు, నొప్పి పెంచుతాయి, జ్వరం తెప్పిస్తాయి. అయితే కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. కనుక నొప్పిని ఆపే మాత్ర కాపలాదారును కూడా ఇంటికి పంపేస్తుంది. నొప్పి మాత్రలు ఎక్కువగా వాడినవారికి కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల దెబ్బ ఎందుకు వస్తాయో దీనితో తెలిసింది.

గుండె సంగతి కూడా ఇక్కడే ఉంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు గడ్డకట్టడానికి కాక్స్ ద్వారా తయారయ్యే థ్రాంబాక్సేన్ తోడ్పడుతుంది. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ కొత్త ఎంజైమును తయారుచేసుకోలేదు. దాని ఆయుష్షు వారం, పది రోజులు. అంతవరకూ అది మూగబోయినట్టే. అందుకే చిన్న మోతాదు చాలు. 1988లో వెలువడిన ఐసిస్-2 అనే పరిశీలనలో గుండెపోటు అనుమానంతో ఆస్పత్రికి వచ్చిన 17,187 మంది పాల్గొన్నారు. ఆస్పిరిన్ ఇచ్చినవారిలో గుండె, రక్తనాళాల కారణంగా అయిదు వారాల్లో సంభవించే మరణాలు అయిదో వంతుకు పైగా తగ్గాయి.

1991లో ఈ ఎంజైములు రెండు రకాలని తేలింది. కాక్స్-1 పర్మనెంటు ఉద్యోగి వంటిది. కడుపు, ప్లేట్‌లెట్ల పని రోజూ చూస్తుంది. కాక్స్-2 ఎన్నికల డ్యూటీకి వేసుకునే తాత్కాలిక సిబ్బంది వంటిది. వాపు వచ్చినప్పుడు రంగంలోకి దిగుతుంది. తాత్కాలిక సిబ్బందిని మాత్రమే ఆపితే కడుపు చెడకుండా నొప్పి పోతుందని ఆశపడ్డారు. 1999లో రోఫెకాక్సిబ్ అనే మందు అమెరికా మార్కెట్లోకి వచ్చింది. కాని సదరు తాత్కాలిక సిబ్బంది రక్తనాళాల గోడల్లో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థాన్ని తయారుచేసే పని కూడా చూస్తున్నది. ఆ మందును 18 నెలలకు మించి వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనబడటంతో 2004 సెప్టెంబరు 30న తయారీదారు మెర్క్ దాన్ని ఉపసంహరించుకుంది. అదే ఏడాది డిసెంబరులో మన ప్రభుత్వమూ నిషేధించింది.

ఇక మనకు నేరుగా సంబంధించిన కాగితం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లకు వరసలో నిలబడితే తరచు వినబడే మాట ఒకటుంది: "గుండెకు మంచిదటండీ, నేను రోజూ ఆ చిన్న మాత్ర వేసుకుంటున్నాను, మీరూ మొదలెట్టండి." ఆస్ట్రేలియా, అమెరికా దేశాల్లో ఎక్కువగా 70 ఏళ్లు దాటినవారు, గుండెజబ్బు లేనివారు 19,114 మంది మీద ఇదే ప్రశ్న పెట్టి పరిశీలించారు. 2018లో ఫలితం వచ్చింది. రోజూ ఆస్పిరిన్ వేసుకున్నందువల్ల ఆరోగ్యంగా బతికే కాలం పెరగలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం పెరిగాయి.

దీన్నిబట్టి సభ్యులకు మనవి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ను ఈ వ్యాసం చదివి మానవద్దు. వారికి అది ప్రాణరక్ష. ఏ జబ్బూ లేనివారు పక్కవారి మాట విని మొదలుపెట్టవద్దు. బి.పి. మాత్రలు వాడేవారు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని రోజుల తరబడి మింగితే మూత్రపిండాలకు ముప్పు. మలం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లాలి. ఇంట్లోని పిల్లలు డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేటప్పుడు మాత్రల డబ్బా మొత్తం వెంట పట్టుకెళ్లాలి. ఫైలు పూర్తిగా చూడనిదే ఏ అధికారీ సరైన ఉత్తర్వు ఇవ్వలేడు గదా!