మధ్యయుగ ఇస్లామీయ నగరాలలో వైద్యుని ప్రతిఫలం

క్రీ.శ. 10వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని ఖైరవాన్ నగరంలో ఇబ్నుల్ జజ్జార్ అనే వైద్యుడు ఉండేవాడు. తండ్రి వైద్యుడు, పినతండ్రి వైద్యుడు. ఆయన తన ఇంటి వాకిట ఒక చావడి వేయించి, అందులో రషీఖ్ అనే సేవకుణ్ణి కూర్చోబెట్టాడు. లేహ్యాలు, పానకాలు, ఇతర ఔషధాలు అన్నీ రషీఖ్ ముందు అమర్చి ఉండేవి. ప్రొద్దున్నే రోగులు గాని, వారి బంధువులు గాని మూత్రం నింపిన గాజు సీసాలు పట్టుకొని వచ్చేవారు. ఇబ్నుల్ జజ్జార్ సీసాను పరిశీలించి, రోగాన్ని నిర్ణయించి, మందు పేరు చెప్పి చావడికి పంపేవాడు. మందు తీసుకోవడం, లెక్క చూసుకోవడం అక్కడే. ఎవరి నుండీ స్వయంగా ఏమీ పుచ్చుకోరాదన్న స్వాభిమానంతోనే ఈ ఏర్పాటు చేసికొన్నాడని ఆయన జీవితం వ్రాసినవారు చెప్పారు.

ఆయన అభిమానం ఎంతటిదో తెలిపే సంఘటన ఒకటి ఉంది. ఫాతిమీ రాజ్యపు సుప్రసిద్ధ న్యాయమూర్తి ఖాజీ నూమాన్ కుమారునికి జబ్బు చేయగా ఇబ్నుల్ జజ్జార్ మందు ఇచ్చి నయం చేశాడు. ఖాజీ కృతజ్ఞతా లేఖ వ్రాసి, దానితో పాటు వస్త్రాలు, మూడు వందల మిస్ఖాళ్ల బంగారం పంపాడు. వైద్యుడు లేఖ చదివి, మర్యాదగా జవాబు వ్రాసి, బంగారాన్ని, వస్త్రాలను ముట్టుకోకుండా త్రిప్పి పంపాడు. పాలక వర్గానికి ఋణపడి ఉండటం ఆయనకు ఇష్టం లేదు.

అయితే దీనిని ఉచిత వైద్యమని భ్రమపడరాదు. ఎనభై ఏండ్లు పైబడి జీవించి మరణించిన ఇబ్నుల్ జజ్జార్ ఇంట్లో 24,000 దీనార్లు, 25 ఖింతార్ల బరువు గల గ్రంథాలు దొరికాయని చరిత్రకారులే వ్రాశారు. చావడిలోని మందులకు వెల ఉండేదనీ, రోగ పరీక్షకు మాత్రం విడిగా వెల కట్టలేదనీ అనుకోవాలి. మందు కొనలేని వారి కోసం ఆయన ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. ‘తిబ్బుల్ ఫుఖరా వల్ మసాకీన్’, అంటే నిరుపేదల వైద్యం, దాని పేరు. ఖరీదైన దినుసులకు బదులు సులువుగా దొరికే వస్తువులతో చేసుకొనే చికిత్సలు అందులో ఉన్నాయి. అంతకు ముందే అర్రాజీ (మరణం క్రీ.శ. 925) వైద్యుడు అందుబాటులో లేని వారి కోసం ఇటువంటి గ్రంథం వ్రాసి ఉన్నాడు.

వైద్యుడు దేనికి డబ్బు తీసుకొంటాడు? శ్రమకా, నయమైనందుకా? రోగికి ఈ ప్రశ్న చిన్నది కాదు. నయం కాని జబ్బుకు ఇల్లు గుల్ల చేసుకొన్న కుటుంబాలు ఏ కాలంలోనైనా ఉన్నాయి. ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు దీనిని దయాదాక్షిణ్యాల విషయంగా వదలిపెట్టక, ఒప్పందపు విషయంగా చర్చించారు.

వారి చర్చకు ఆధారం రెండు హదీసులు. మొదటిది కొమ్ము పెట్టి రక్తం తీసే హజ్జాము సంపాదన గురించినది. ఆ సంపాదన హీనమని చెప్పే ఉల్లేఖనం ఒకటి ఉంది. కాని దైవప్రవక్త ముహమ్మద్ (స) అబూ తైబా అనే హజ్జాముచేత రక్తం తీయించుకొని, అతనికి ఆహార ధాన్యం కొలిపించి, అతడు యజమానులకు కట్టవలసిన మొత్తాన్ని కూడా తగ్గింపజేశారని మరొక ఉల్లేఖనం. అది నిషిద్ధమే అయితే ఆయన ఇచ్చి ఉండేవారు కారని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (ర) వివరించారు. రెండవది హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (ర) ఉల్లేఖించిన ప్రసిద్ధ సంఘటన. ప్రయాణంలో ఉన్న సహచరులకు ఒక తెగవారు ఆతిథ్యం నిరాకరించారు. ఆ తెగ నాయకుణ్ణి విషజంతువు కుట్టింది. అప్పుడు వారు సహాయం కోరగా, సహచరులు గొర్రెల మందను ప్రతిఫలంగా మాట్లాడుకొన్న తరువాతనే ఫాతిహా సూరా పఠించి ఊదారు. నాయకుడు కోలుకొన్నాడు. గొర్రెలు తీసుకోవచ్చునా అన్న సందేహం వారికే కలిగింది. మదీనా చేరి అడుగగా దైవప్రవక్త (స) ఆమోదించి, తమకూ ఒక వాటా ఉంచమన్నారు.

గొర్రెల మంద నాయకుడు కోలుకొన్నందుకు ముట్టినది. హజ్జాముకు ముట్టినది అతను చేసిన పనికి. ఈ రెండింటి మధ్యనే తరువాతి వాదమంతా నడిచింది. క్రీ.శ. 1223లో మరణించిన హంబలీ పండితుడు ఇబ్ను ఖుదామా తన ‘అల్ ముగ్నీ’ గ్రంథంలో కంటి వైద్యుణ్ణి, అంటే కహ్హాల్‌ను, ఉదాహరణగా తీసుకొన్నాడు. కహ్హాల్‌ను కూలికి కుదుర్చుకొంటే గడువు చెప్పుకోవాలి, రోజుకు ఒకసారి మందు వేయాలో రెండుసార్లు వేయాలో చెప్పుకోవాలి. గడువు పూర్తయితే కన్ను నయం కాకపోయినా కూలి ఇవ్వవలసిందే. గడువులోపలే నయమైతే మిగిలిన కాలానికి ఒప్పందం రద్దు. జబ్బు ఉండగానే రోగి మందు వేయించుకోనని మొండికేస్తే? వైద్యుడు సిద్ధంగా ఉన్నాడు కనుక అతని కూలి అతనికి చెల్లుతుంది. కంటి మందు ఖర్చు ఎవరిదన్న తగవు కూడా ఆ గ్రంథంలో ఉంది. న్యాయంగా రోగిదే అయినా, వాడుకను బట్టి వైద్యునిమీద పెట్టి మాట్లాడుకోవచ్చునన్నాడు.

నయమైతేనే ఇస్తానన్న షరతు మరొక రకం. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు కనుక అది కూలి ఒప్పందం కిందికి రాదు, పని నెరవేరితే బహుమానం చెల్లించే ‘జుఆలా’ కిందికి వస్తుందని చెప్పి, అబూ సయీద్ (ర) సంఘటననే ప్రమాణంగా చూపారు. ఇమామ్ మాలిక్ అభిప్రాయం ఇంకా నిక్కచ్చిగా రోగి పక్షాన ఉంది: నయమయ్యేవరకు వైద్యునికి ఏమీ రాదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడన్న హదీసు ఎలాగూ అందరికీ శిరోధార్యమే.

గ్రంథాలలోని నియమం బజారులో ఎలా అమలు కావాలో చెప్పినవి ముహ్‌తసిబ్‌ల కోసం వ్రాసిన చేతి పుస్తకాలు. తూనికలు, కొలతలు మొదలుకొని రొట్టెలవాడి పిండి వరకు తనిఖీ చేసే అధికారి ముహ్‌తసిబ్. వైద్యులు కూడా అతని పరిధిలోనివారే. 12వ శతాబ్దపు అష్షైజరీ చెప్పిన పద్ధతి ఇది: వైద్యుడు రోగిని చూచి, జబ్బు లక్షణాలను, తాను చెప్పిన మందును, పథ్యాన్ని కాగితంపై వ్రాసి, సాక్షుల ఎదుట ఇంటివారికి ఒక ప్రతి ఇవ్వాలి. మరునాడు వచ్చినప్పుడూ అంతే. రోగి కోలుకొంటే వైద్యుడు తన కూలి, కానుక తీసుకొంటాడు. రోగి చనిపోతే బంధువులు ఆ ప్రతులన్నీ పట్టుకొని నగరంలోని ప్రధాన వైద్యుని దగ్గరకు పోతారు. చికిత్స సక్రమంగా ఉంటే ఆయన ఆ మాట చెబుతాడు. లోపం కనిపిస్తే, వైద్యుని నుండి రక్తపరిహారం వసూలు చేసుకోండని చెబుతాడు. అరబ్బీలో ఈ ప్రతిని ‘నుస్ఖా’ అంటారు. హైదరాబాదు హకీములు వ్రాసి ఇచ్చే మందుచీటీకి ఉర్దూలో ఉన్న పేరు అదే. చీటీ మొదట రోగి చేతిలోని సాక్ష్యం.

ఇవన్నీ తు.చ. తప్పక అమలు జరిగాయని చెప్పటం చరిత్ర కాదు. పరీక్షలు, తనిఖీలు ఎంత గట్టిగా మొదలై ఎక్కడ సడలేవో బాగ్దాదులో చూడవచ్చు. హి.శ. 319, అంటే క్రీ.శ. 931లో, ఒక వైద్యుని పొరపాటువల్ల ఒక మనిషి చనిపోయాడని విని ఖలీఫా ముఖ్‌తదిర్, ఆస్థాన వైద్యుడు సినాన్ ఇబ్ను సాబిత్ పరీక్షించి అనుమతించినవారు తప్ప ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞాపించాడు. పేరు పొందినవారిని, రాజసేవలో ఉన్నవారిని మినహాయించగా 860 మందికి పైగా పరీక్షకు వచ్చారు. ఒకనాడు మంచి దుస్తులు ధరించిన గంభీరమైన వృద్ధుడు వచ్చాడు. మహాపండితుడనుకొని సినాన్ గౌరవించి కూర్చోబెట్టాడు. వృద్ధుడు బంగారు నాణేల పొట్లం ఆయన ముందు పెట్టి, తనకు చదవను వ్రాయను సరిగా రాదనీ, సంసారం ఈ వృత్తిమీదనే గడుస్తున్నదనీ, దానిని తీసివేయవద్దనీ వేడుకొన్నాడు. సినాన్ నవ్వి, తెలియని జబ్బు జోలికి పోరాదనీ, రక్తం తీయించడం, విరేచనాలకు ఇవ్వడం వంటివి చిన్న జబ్బులకు తప్ప చేయరాదనీ షరతు పెట్టి ఒప్పుకొన్నాడు. తాను పుట్టి బుద్ధెరిగి సికంజబీన్, జులాబ్ దాటి పోలేదని వృద్ధుడు హామీ ఇచ్చాడు. (మన వాడుకలో జులాబంటే విరేచనాల మందు. ఆనాటి జులాబ్ గులాబీ నీటి పానకం. వృద్ధుని హామీ అర్థం కావాలంటే ఇది తెలియాలి.) మరునాడు ఒక యువకుడు వచ్చాడు. ఎవరి వద్ద నేర్చుకొన్నావని అడిగితే మా నాన్న వద్దనన్నాడు. నాన్న ఎవరని అడిగితే, నిన్న మీ వద్దకు వచ్చిన పెద్దమనిషే అన్నాడు. అతనికీ అదే షరతుపై అనుమతి లభించింది.

ఆ వృద్ధుడు ఒక కొస అయితే, జిబ్రీల్ ఇబ్ను బుఖ్తీషూ మరొక కొస. ఖలీఫా హారూన్ రషీద్ ఆస్థానంలో ఈ క్రైస్తవ వైద్యునికి నెలకు పదివేల దిర్హముల జీతం. ఏటా రెండుసార్లు ఖలీఫాకు రక్తం తీసినందుకు సారికి యాభైవేలు, రెండుసార్లు విరేచనం మందు ఇచ్చినందుకు సారికి యాభైవేలు అదనం. ఈ పట్టికను ఇబ్ను అబీ ఉసైబియా తన వైద్యుల చరిత్రలో భద్రపరచాడు.

9వ శతాబ్దంలో ‘అదబుత్తబీబ్’ రచించిన ఇస్‌హాఖ్ అర్రుహావీ ఈ రెండు కొసల నడుమ ఒక లెక్క కట్టాడు. వైద్యునికి మరో పని వెదకుకోనక్కరలేనంత ప్రతిఫలం ధనవంతులు ఇవ్వాలి, ఆ బలంతో అతడు పేదలకు ఉచితంగా చూడాలి. బేరమాడే ధనికుణ్ణి ఆయన మెచ్చుకోలేదు. ఆలోచన మంచిదే. కాని ధనవంతుని ఔదార్యంపైనా వైద్యుని మనస్సాక్షిపైనా మాత్రమే ఆధారపడిన ఏర్పాటు ఇది. పేదవాడికి హక్కుగా ఏమీ రాలేదు.

ఆ లోటు కొంతవరకు తీర్చినది వక్ఫ్. దుకాణాల అద్దె, భూముల ఆదాయం శాశ్వతంగా ఆసుపత్రికి వ్రాసి ఇస్తే, వైద్యుని జీతం దాని నుండి వస్తుంది. రోగి పడక దగ్గర డబ్బు ప్రసక్తి ఉండదు. నూరుద్దీన్ జంగీ 12వ శతాబ్దంలో దమస్కులో కట్టించిన ఆసుపత్రిని 1184లో ఇబ్ను జుబైర్ చూశాడు. రోజు ఖర్చు సుమారు పదిహేను దీనార్లు అనీ, రోగుల పేర్లు, వారికి కావలసిన మందులు, ఆహారం పద్దు పుస్తకాలలో వ్రాసి ఉంచుతారనీ, వైద్యులు ప్రతి ఉదయం వచ్చి చూస్తారనీ తన యాత్రా చరిత్రలో వ్రాశాడు. అక్కడి వైద్యుడు అబుల్ మజ్ద్ ముందు ఆసుపత్రిలో రోగులందరినీ చూచి, తరువాతనే కోటకు పోయి ప్రముఖులను చూచి, తిరిగి వచ్చి శిష్యులతో మూడు గంటలసేపు పాఠం సాగించేవాడు. జీతం ఒకచోట, కానుకలు ఒకచోట. అయినా ఉదయపు వేళ పేదలదే.

ఈ ఆసుపత్రి మందే కైరోలో మరొకదానికి కారణమైంది. ఖలావూన్ సేనానిగా ఉన్నప్పుడు దమస్కులో తీవ్రమైన కడుపునొప్పితో బాధపడగా నూరుద్దీన్ ఆసుపత్రి నుండి తెచ్చిన మందులతో కోలుకొన్నాడు. రాజ్యం వస్తే అటువంటిదే కట్టిస్తానని మ్రొక్కుకొని, సుల్తాను అయిన పిమ్మట 1284లో కట్టించాడు. రాజు, బానిస, స్త్రీ, పురుషుడు అనే భేదం లేకుండా అందరికీ అది వక్ఫ్. ఇంటి దగ్గరే ఉన్న పేద రోగులకు కూడా మందు, ఆహారం పంపే ఏర్పాటు ఉండేది. నిర్మాణంలో జనాన్ని వెట్టికి పట్టుకొన్నారనీ, ఆ కారణంగా అక్కడ నమాజు చేయటానికి కొందరు వెనుకాడారనీ మఖ్రీజీ వ్రాసిన మాట కూడా మరువరాదు. రక్తప్రసరణపై పేరు గడించిన ఇబ్నున్నఫీస్ 1288లో మరణించేటప్పుడు తన ఇంటిని, గ్రంథాలయాన్ని ఈ ఆసుపత్రికే వ్రాసి ఇచ్చాడు. సంపన్నుల వద్ద వైద్యుడు గడించిన సొమ్ము ఈ విధంగా పేదల పడక దగ్గరకు చేరింది.

దక్కనులో ఈ సంప్రదాయానికి గుర్తు మూసీ నదికి దక్షిణాన ఉంది. హైదరాబాదు నగరం వెలసిన కొద్ది సంవత్సరాలకే, 1595లో, ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా అక్కడ దారుష్షిఫా కట్టించాడు. యూనానీ వైద్యం, వైద్యవిద్య రెండూ ఒకే కప్పు కింద ప్రభుత్వ ఖర్చుతో నడిచేవి. చుట్టూ వెలసిన పేటను నేటికీ దారుష్షిఫా అనే పిలుస్తారు.