లవణ గ్రంథి
సముద్రంలో బతికే సరీసృపాలు, పక్షుల తలలో ఉండి, రక్తంలోని అదనపు ఉప్పును బయటికి పంపే అవయవం. వీటి పూర్వీకులు నేలమీది జీవులు. సముద్రపు నీటికంటే ఉప్పటి మూత్రాన్ని వీటి మూత్రపిండాలు తయారుచేయలేవు. ఆ లోటును ఈ గ్రంథి తీరుస్తుంది. సముద్ర సర్పానికి ఇది నాలుక కింద ఉంటుంది. గాలాపగోస్ దీవుల ఇగ్వానాకు ముక్కు దగ్గర ఉంటుంది. అది తుమ్మినప్పుడల్లా చిమ్మిన ఉప్పు తలమీద తెల్లగా పేరుకుంటుంది. ఆంధ్ర తీరంలో రాత్రివేళ గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేలు కంట చిక్కటి నీరు కారుతుంది. నొప్పికి ఏడుస్తోందని చూసేవాళ్లు జాలిపడతారు గానీ, అది ఉప్పు విసర్జనే. పక్షుల్లో ఈ గ్రంథి కళ్లపైన ఉంటుంది. దాని పనేమిటో శాస్త్రవేత్త క్నూట్ ష్మిట్-నీల్సన్ 1950ల చివర్లో తేల్చాడు. తిమింగలాలకు, సీళ్లకు ఇది లేదు. వాటికి గట్టి మూత్రపిండాలే దిక్కు.