అంబాసిడర్ ఇంజనులో క్రాంక్ బేరింగుల అమరిక

హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌లో చాలా ఏళ్లు వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్‌కు చెందినది. సిలిండర్లు నాలుగు, క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగులు మాత్రం మూడు. కనెక్టింగ్ రాడ్లకు మరో నాలుగు. ఒక్కో బేరింగు రెండు సగాలుగా వస్తుంది: వెనుక స్టీలు, లోపల మెత్తని లోహపు పూత. 2014లో కారు తయారీ ఆగిపోయింది కాబట్టి, మిగిలిన బండ్లు నడవాలంటే ఇంజను విప్పి కట్టే పని చక్కగా జరగాలి.

ఆయిల్ ప్రెజర్ పడిపోయినా, అడుగున టకటక శబ్దం మొదలైనా కొత్త బేరింగులు తెచ్చి బిగించేయడం తరచూ జరిగే పొరపాటు. అరిగింది బేరింగు ఒక్కటే అనుకోకూడదు. ముందు క్రాంక్‌ను కొలవాలి. ప్రతి జర్నల్‌నూ (బేరింగులో తిరిగే క్రాంక్ భాగాన్ని) మైక్రోమీటరుతో అడ్డంగా, నిలువుగా, రెండు చివర్లా చూస్తే అది కోలగా అరిగిందో, ఒకవైపు సన్నబడిందో తెలుస్తుంది. అరుగుదల ఉంటే గ్రైండింగు తప్పదు. అంగుళంలో వెయ్యో వంతును లెక్కగా పెట్టుకుని 10, 20, 30, 40 అండర్‌సైజుల్లో బేరింగులు దొరుకుతాయి. క్రాంక్‌ను ఆ కొలతకే తేవాలి. జర్నల్ అంచున ఉండే గుండ్రని వంపును లేత్ షాపులో చెరిపేస్తే క్రాంక్ అక్కడే విరిగే ప్రమాదం ఉంది. ఈ సంగతి ముందే చెప్పి పని ఇవ్వడం మేలు.

గ్రైండింగు పొడి క్రాంక్ లోపలి ఆయిల్ దారుల్లో చేరుతుంది. మెయిన్ నుంచి రాడ్ జర్నల్‌కు వెళ్లే ఏటవాలు రంధ్రాలన్నిటినీ బ్రష్‌తో తోమి, కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టాలి. అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే. ఇది వదిలేస్తే కొత్త బేరింగులపై త్వరగా గీతలు పడతాయి.

బేరింగు వీపు, అది కూర్చునే చోటు పొడిగా ఉండాలి. నూనె లోపలి ముఖానికే. బేరింగు నాలుక గాడిలో పడాలి, ఆయిల్ రంధ్రం రంధ్రానికి ఎదురవ్వాలి. బేరింగులను బిగించి పట్టే క్యాపులను తారుమారు చేయకూడదు, బిగువు కోసం ఆకురాయి పెట్టకూడదు. బేరింగు అంచులు కాస్త పైకి కనిపించడం లోపం కాదు. క్యాపు బిగిస్తే ఆ పొడవే బేరింగును కదలకుండా పట్టి ఉంచుతుంది.

మెయిన్ బేరింగు సందు 0.0005 నుంచి 0.002 అంగుళం దాకా ఉండవచ్చు. ప్లాస్టిగేజ్ తీగను పొడి జర్నల్‌పై పెట్టి, క్యాపు బిగించి, విప్పి, అణిగిన వెడల్పును బట్టి సందు ఎంతో చూస్తారు. ఆ సమయంలో క్రాంక్ తిప్పకూడదు. ముందూవెనుకల కదలికను నడిమి బేరింగు దగ్గరి థ్రస్ట్ వాషర్లు అదుపులో ఉంచుతాయి, ఆ కదలిక 0.002–0.003 అంగుళం ఉండాలి.

మెయిన్ క్యాపులకు 70, రాడ్లకు 35 పౌండ్-అడుగుల బిగువు. ఒక్కో క్యాపు బిగించాక క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడాలి. పట్టేస్తే చివరగా బిగించిన దాన్నే విప్పి వెతకాలి. ఇంజను కట్టాక ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెజర్ వచ్చేదాకా స్టార్టరుతో తిప్పి, ఆ తర్వాతే స్టార్ట్ చేస్తారు.