సినిమాను నిలదీసిన కొ.కు.

కోదాడ దాటి జగ్గయ్యపేటలో అడుగుపెడితే సినిమా వ్యాపారం లెక్క మారిపోతుంది. ఇటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాళ్లన్నీ నైజాం ఏరియా, అటు ఆంధ్రా. నిజాం పాలన 1948లోనే పోయినా, డిస్ట్రిబ్యూటర్ల చిట్టాల్లో ఆ పేరు ఇంకా పోలేదు. ఏ ఏరియాలో ఎంత వసూలైందన్నదే సినిమా కబురుగా చెలామణి అవుతున్నప్పుడు, ఆ సినిమాలో మన బతుకు ఎంతుందని అడిగేవాడు ఒకడు కావాలి. తెలుగులో ఆ ప్రశ్నను ఏళ్ల తరబడి అడిగినవాడు కొడవటిగంటి కుటుంబరావు.

1909లో తెనాలిలో పుట్టిన కొ.కు.ను మన పల్లెల్లో చాలామంది పేరు తెలియకుండానే చదివారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పిల్లల పత్రిక చందమామ కథలను ఆ తేట తెలుగులో తీర్చిదిద్దింది ఆయనే. ఆ చందమామ నాగిరెడ్డి, చక్రపాణిలది. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థ కూడా వాళ్లదే. మద్రాసులో సినిమావాళ్ల మధ్యనే ఉద్యోగం చేస్తూ, తెలుగు సినిమా కథల డొల్లతనాన్ని ఆయన నిర్మొహమాటంగా రాశారు. అందుకు ఎంత గుండె నిబ్బరం కావాలో పత్రికల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. సినిమా పత్రికకు నిర్మాత ఇచ్చే ప్రకటనే ఆధారం. బొమ్మ బాగాలేదని రాస్తే, వచ్చే సంచికలో ఆ పేజీ ఖాళీ! కొ.కు. సినిమాను చవకబారు వినోదమని తీసిపారేయలేదు. కథకు పెట్టిన గీటురాయే దానికీ పెట్టారు.

1966లో నాగిరెడ్డి, చక్రపాణిలే ‘విజయచిత్ర’ సినిమా పత్రిక తెచ్చారు. పదేళ్లకు ‘సితార’ వచ్చింది. కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కత్తి కాంతారావు లాంటి తారల ముచ్చట్ల కోసం, బొమ్మల కోసం అభిమానులు ఆ పత్రికలకు ఎదురుచూసేవాళ్లు. ఆ ముచ్చటను నేను తక్కువ చేయను. అభిమానం లేనిదే సినిమా లేదు. కానీ అభిమానికి చేరిన పత్రికలతో పోలిస్తే విమర్శకుడి మాట చేరింది తక్కువ. మనకు జరిగిన నష్టం అక్కడే ఉంది.

సూర్యాపేట ప్రాంతం రక్తం ధారపోసిన తెలంగాణ సాయుధ పోరాటం, 1980 మార్చిలో విడుదలైన ‘మా భూమి’తో తెరకెక్కింది. బి. నర్సింగరావు నిర్మాత, గౌతమ్ ఘోష్ దర్శకుడు. కొ.కు. ప్రశ్నకు జవాబన్నట్టు, జీవితానికి దగ్గరగా ఉండే సినిమా తెలుగులో సాధ్యమేనని అది రుజువు చేసింది. అదే ఏడాది ఆగస్టులో కొ.కు. వెళ్లిపోయారు.

ఆయన సినిమా వ్యాసాలు పుస్తకంగా వచ్చాయి, వెతికి చదవండి. మీ ఇంటి అటకమీద పాత సినిమా పత్రికలుంటే తూకానికి వేయకండి. మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి.