దవడ వాపు పటం

బర్కిట్ లింఫోమా ముఖ్యంగా పిల్లలకు వచ్చే తెల్ల రక్తకణాల క్యాన్సర్. చాలా వేగంగా, ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపయ్యేంతగా పెరుగుతుంది. ఆఫ్రికాలో ఇది నాలుగు నుంచి ఏడేళ్ళ పిల్లల దవడల్లో ఎక్కువగా కనిపిస్తుంది. 1957లో ఉగాండాలో, కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో సర్జన్ డెనిస్ బర్కిట్‌కు ఓ పిల్లవాడిని చూపించారు. పై దవడా కింది దవడా రెండు పక్కలా ఉబ్బిపోయాయి. చీముగడ్డ అయితే నాలుగు చోట్లా ఒకేసారి రాదు. కొన్ని వారాల తర్వాత జింజా ఆసుపత్రిలో అలాంటి ముఖమే మళ్ళీ ఎదురైంది. ఈ పిల్లల కడుపులోనూ గడ్డలుండేవి. 1958లో ఆయన వ్యాసం అచ్చయింది.

ఇది ఎక్కడెక్కడ ఉందో తేల్చడానికి బర్కిట్ ఫొటోలు వేసిన కరపత్రాలను మిషన్ ఆసుపత్రులకు పంపాడు. అది చాలలేదు. చిన్నప్పుడే ఒక కన్ను పోగొట్టుకున్న ఆ మనిషి 1961 అక్టోబరులో ఇద్దరు మిత్రులతో పాత ఫోర్డ్ బండెక్కి, పది వారాల్లో పదివేల మైళ్ళు తిరిగాడు. యాభైకి పైగా ఆసుపత్రుల్లో అడిగింది ఒకటే: ఇలాంటి పిల్లల్ని చూశారా? జవాబులు పటంపై గుర్తిస్తే భూమధ్యరేఖకు అటూ ఇటూ పట్టీలా ఒక ప్రాంతం తేలింది. 5,000 అడుగులు దాటిన ఎత్తులో జబ్బు లేదు. ఏడాదికి 20 అంగుళాల వాన పడని చోటా, కనిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గే చోటా లేదు. ఈ హద్దులన్నీ దోమ బతుకుకు హద్దులేనని కీటకాల వల్ల వచ్చే జబ్బులు ఎరిగినవారు గుర్తించారు. మలేరియాను అదుపు చేసిన జాంజిబార్‌లో ఈ జబ్బు చాలా అరుదు.

ఈ క్యాన్సర్ తెచ్చే ఏదో వైరస్‌ను దోమే మోస్తోందని మొదట అనుకున్నారు. వైరస్ దొరికింది కానీ, దానికి దోమతో పనిలేదు. 1961లో లండన్‌లో బర్కిట్ ఉపన్యాసం విన్న వైరస్ పరిశోధకుడు ఆంథోనీ ఎప్‌స్టీన్ ఉగాండా నుంచి గడ్డ ముక్కలను విమానంలో తెప్పించుకునేవాడు. ఒకసారి పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌కు మళ్ళింది. ఆలస్యంగా చేరిన సీసాలో ద్రవం మసకబారింది. బ్యాక్టీరియా చేరి పాడైందనుకుని చూస్తే, విడివడి తేలుతున్న బతికిన క్యాన్సర్ కణాలే అవి! 1964లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ బయటపడింది. ఇది ఉమ్మి ద్వారా అంటుతుంది, లోకమంతా ఉంది. ఆఫ్రికాను వేరు చేసింది ఏడాది పొడవునా ఆగని ఫాల్సిపేరం మలేరియా. అది బి కణాలనే తెల్ల రక్తకణాలను పదేపదే రెచ్చగొడుతుంది, వైరస్‌ను అణచే శక్తినీ తగ్గిస్తుంది. ఆ గందరగోళంలో 8వ క్రోమోజోమ్ ముక్క తెగి 14వ దానికి అతుక్కుంటే క్యాన్సర్ మొదలవుతుంది.

ఈ క్యాన్సర్ చికిత్సలో తెలుగువాడి చెయ్యి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ పరిశోధనశాలలో తయారైన మెథోట్రెక్సేట్ మందును 1960ల మొదట్లో కంపాలా పిల్లలకు ఇచ్చారు. కొందరిలో గడ్డలు ఇట్టే కరిగాయి.

బర్కిట్ గుర్తించిన ఆ పటం పక్కన తెలంగాణలోని మందమర్రిని పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. సింగరేణి గనుల ఈ ఊరు సముద్రమట్టానికి కొన్ని వందల అడుగుల ఎత్తులోనే ఉంది. వాన 20 అంగుళాలకు ఎంతో ఎక్కువ. చుట్టూ ఆదిలాబాద్ అడవులు, వాటి వెంట చలిజ్వరాలు. అయినా ఇది బర్కిట్ పట్టీలోకి రాదు. వాన నాలుగు నెలలకే పరిమితం. ఇక్కడి మలేరియా వానాకాలంలో ఎగిసి ఎండల్లో తగ్గుతుంది. దక్కనులో మలేరియా మోసే దోమల్లో ముఖ్యమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్‌కు మనుషుల కంటే కొట్టంలోని పశువుల రక్తమే ఇష్టం. ఆఫ్రికా గాంబియే దోమ అలా కాదు, మనుషులనే వెతుక్కుంటుంది.

మలేరియా మర్మం విప్పిన ఊరూ తెలంగాణదే. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో పరాన్నజీవిని చూసింది సికింద్రాబాద్‌లో. కానీ ఈ నేల మీద బర్కిట్ లింఫోమా చెదురుమదురు రకంగానే కనిపిస్తుంది. అది దవడలో కంటే పేగుల్లో, పొట్టలో ఎక్కువగా వస్తుంది. వైరస్ జాడ ఆఫ్రికాలోలాగా దాదాపు ప్రతి గడ్డలోనూ ఉండదు.